సవితి బిళ్ళ మీద మొహం

నార్సింగి,
జులై 6.

పెద్దమ్మా,

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయని తిట్టకు. కంటి ఆపరేషన్ తర్వాత నువ్వు ఫోన్ తెర చూడకూడదని అమ్మ చెప్పింది, అందుకని స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, నాణేల సంగతి నోటితో చెబితే నువ్వు వినవు కదా. మ్యూజియంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాణేల బీరువా తాళాలు నడుముకి దోపుకుని తిరిగినదానివి. "కాగితం మీద పెట్టి పంపు" అంటావు. పెట్టాను.

నేను ఐలయ్య తాత ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నానని చెప్పాను కదా. అటూ ఇటూ రెండు పెద్ద టవర్లు లేచాయి, మధ్యలో ఈ రెండంతస్తుల ఇల్లు, కింద కారు పెట్టుకునే చోట నాలుగు మేకలు. మేకలు అమ్మేయమని కొడుకు వేణు పోరుతుంటాడు. తాత వినడు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో భాగ్యమ్మ అవ్వ. ఆవిడ తాతకు సవతి తల్లి. వరసకు పిన్ని కూడా. తాతను కని, పురిట్లోనే పోయిన అంజమ్మకు సొంత చెల్లెలు. అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చేశారు.

మొన్న తాత మెట్లెక్కి పైకొచ్చాడు.

"బిడ్డా, నువ్వు కంప్యూటర్ల మొఖాలు జేస్తవంట గదా?"

గచ్చిబౌలి ఆఫీసులో నేను చేసే పని అదే మరి. చీరలు అమ్మే యాప్ కోసం అమ్మాయిల మొహాల మీద మచ్చలు చెరిపి నున్నగా చెయ్యడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మచ్చలు చెరిపీ చెరిపీ, బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ల మొటిమలు చూస్తే వేలు దానంతటదే కదులుతోంది.

"చేస్తాను తాతా. ఎవరిది?"

"మా అమ్మది."

"పాత ఫొటో ఉందా?"

"ఫొటో ఏడిది? బిళ్ళ ఉన్నది."

ఇక్కడొక ఆచారం ఉంది. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే, పోయినావిడ అలగకుండా, ఆడమనిషి రూపం ఉన్న బంగారు బిళ్ళ ఒకటి కొత్త పెళ్లికూతురి మెడలో వేస్తారు. సవితి బిళ్ళ అంటారు. అది భాగ్యమ్మ అవ్వ నల్లపూసల్లో ఉంది. భర్త పోయినప్పుడు కూడా, అక్క బిళ్ళ ఉందని, ఆవిడ వాటిని తియ్యనివ్వలేదట. ఆ బొమ్మే తల్లి మొహమని తాత నమ్మకం. ఆమెను చూడ్డానికి అతనికి అదొక్కటే దిక్కు. పెత్రమాసకి, అదే, దసరా ముందు అమావాస్యకి, పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారట. ఆ రోజు అందరిళ్లలోనూ ఫొటోలకు దండలు వేస్తారు. తాత ఇంట్లో తండ్రి ఫొటో ఒక్కటే ఉంది. "ఈసారన్న అమ్మ పక్కన కూసోవాలె బిడ్డా" అన్నాడు.

కిందికి వెళ్లి చూశాను. అవ్వ మెడలోంచి తియ్యదు. ఆవిడ గొలుసు ముందుకు లాగి పట్టుకుంటే, నేను మోకాళ్ల దగ్గర కూర్చుని పలచటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దాను. "గిలిగింతలు వెడుతున్నవే పొల్లా" అని ఒకటే నవ్వు. ఆ కాగితమే ఇందులో పెట్టాను. పక్కకు తిరిగిన ఆడమనిషి మొహం. వెనక వైపు, పొడుగాటి కర్రలేవో పట్టుకుని నిలబడిన ఇంకో మనిషి. బంగారమే. కానీ అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లాంటివి ఉన్నాయి పెద్దమ్మా. మేకలు కాసుకునే వాళ్లింట్లో పోయినావిడ బొమ్మ చుట్టూ ఇంగ్లీషు అక్షరాలెందుకు? విక్టోరియా రాణి కాసు అయ్యుంటుందా?

తొందరగా రాయి. తాత రోజూ అడుగుతున్నాడు.

రసజ్ఞ


రాజమండ్రి,
జులై 15.

రసజ్ఞకు ఆశీస్సులు.

నీ స్కెచ్ పెన్ను వాసనకి తుమ్ములొచ్చాయి. ఉత్తరం మాత్రం బాగుంది.

విక్టోరియా కాదు. ఆడమనిషి మొహం కనబడగానే విక్టోరియా అనడం ఈ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఉన్న జబ్బు. ఆ జుట్టు చూడు. విక్టోరియా ఎప్పుడైనా అలా నెత్తిన చుట్టిందా?

నాకొక పేరు తోస్తోంది. చెప్పను. చెబితే నీకు అదే కనిపిస్తుంది. ముందు నీ కళ్లతో చూడు, తర్వాత నీ కంప్యూటర్‌ని అడుగు. వరుస తప్పావంటే అది చెప్పిందే నిజమనిపిస్తుంది. గది చీకటి చేసి, ఫోన్ లైటు పక్క నుంచి, బల్లకు ఆనించినంత కిందుగా వెయ్యి. అరిగిన అక్షరం కూడా నీడ పడితే లేస్తుంది. కనిపించినవి కనిపించినట్టు రాసుకో, కనిపించని చోట చుక్కలు పెట్టు. ఊహించి పూరించావంటే చెవి మెలేస్తాను.

దాని మీద పసుపూ కుంకుమా ఉంటే ఉండనియ్యి. చింతపండు పెట్టి తోమకు. బరువు కావాలి. పెన్సిలు కాగితం నాకు చాలదు. భూతద్దం పెట్టినా అలుక్కుపోయినట్టుంది. చాక్లెట్ మీది వెండి కాగితం దాని మీద పెట్టి వేలితో అద్ది పంపు, తడిమి చూస్తాను.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ దొరికిందో అడుగు. చోటు తెలియని నాణెం ఊరి పేరు చెప్పలేని తప్పిపోయిన పిల్లలాంటిది. ఎంత ముద్దుగా ఉన్నా ఎవరింటికీ చేర్చలేం.

పెద్దమ్మ


నార్సింగి,
జులై 27.

పెద్దమ్మా, పెద్దమ్మా,

చదివాను! నేనే చదివాను!

బోనాలకు ముందు అవ్వ ఏటా నల్లపూసలు కొత్తగా గుచ్చించుకుంటుంది. కంసాలి లింగమూర్తి ఇంటికే వస్తాడు. ఆ పూట మాత్రమే బిళ్ళ మెడ దిగుతుంది. తలుపులు మూసి, ఆయన పీట పక్కనే నేల మీద పడుకుని లైటు కిందుగా వేశాను. "గీ పిల్లకేమైంది?" అన్నాడు లింగమూర్తి. "సాఫ్ట్‌వేరు పిల్లలు గట్లనే ఉంటరు తియ్యి" అంది అవ్వ.

ముందు ఎస్, టి, ఐ లేచాయి. తర్వాత ఎన్, ఎ. రెండో వైపు నుంచి లైటు తిప్పితే మొదట్లో డి, ఐ, వి, ఎ. మధ్యలో ఎఫ్, ఎ, మళ్లీ వి. ఆ వి దగ్గర తికమకపడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, పాత రోమన్లు యు రాయాల్సిన చోట వి చెక్కుతారని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. అంతా రాసుకున్నాకే కంప్యూటర్ తెరిచాను, ఒట్టు.

దివా ఫౌస్టినా. రోమ్ చక్రవర్తి అంటోనైనస్ పయస్ భార్య!

నెత్తి మీద జడలు చుట్టలా పేర్చి, మధ్యలో ముత్యాల వరస. వెనక వైపు నిలబడ్డది పంటల దేవత, ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో రాజదండం. ఆ వైపు అక్షరాలు కొన్ని లేవలేదు, చుక్కలు పెట్టాను. బరువు కొక్కెంతో కలిపి ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ. వెండి కాగితం ముద్రలు రెండు పంపుతున్నాను. బస్సులో నలగకుండా టిఫిన్ డబ్బాలో పెట్టుకుని పోస్టాఫీసుకు తీసుకెళ్లాను.

గంటసేపు ఎగిరాను. తర్వాత తాత వచ్చాడు. బిళ్ళ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ జుట్టు మీద రాసి నాకు చూపించాడు.

"జూడు బిడ్డా, మా అమ్మ కొప్పు. నెత్తి మీద కిరీటం లెక్క. ముత్యాలు గూడ వెట్టుకున్నది. మేకలు కాసెటోళ్లింట్ల ముత్యాలేడియి అని మందంత నవ్వుతరు గని, మా నాయినకు ఆమె అంటె గంత పాణం."

పెద్దమ్మా, ఈయనకు అరవై ఏడో అరవై ఎనిమిదో. బోడి తల, కోర మీసం, బిల్డర్లతో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. తల్లి మాట ఎత్తితే మాత్రం గొంతు పలచబడిపోతుంది. ఆమె గురించి అతనికి తెలిసిందంతా ఈ బిళ్ళ మీంచి చదువుకున్నదే. ముక్కు సూటిగా ఉండేది. కొప్పు పైకి కట్టేది. తల ఎత్తుకుని నడిచేది. అదంతా రోమ్ రాణిది.

చెప్పనా, వద్దా?

రసజ్ఞ

దొరికిన చోటు అడిగాను. "మా నాయిన చేపిచ్చిండు" అన్నాడు తాత. అంతకు మించి తెలియదట.


రాజమండ్రి,
ఆగస్టు 5.

రసజ్ఞకు,

వెండి కాగితం నలగలేదు. కళ్లు మూసుకుని వేలితో తడిమాను. కొప్పు దగ్గరికి రాగానే తెలిసిపోయింది. నువ్వు చదివింది సరైనదే. చుక్కలు పెట్టాల్సిన చోట పెట్టావు కూడా. సంతోషించాను. మీ అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

అసలుదే. మన కంసాలులు ఆ రోజుల్లోనే ఇలాంటి వాటికి నకళ్లు తీసేవారు. నకలులో అక్షరాలు చీమలు పాకినట్టుంటాయి. చదవడం రానివాడు చూసి గీసినవి కదా. ఇక్కడ ప్రతి అక్షరం తన కాళ్ల మీద నిలబడింది. కొక్కెం బరువు తీసేస్తే ఏడు గ్రాములకు పైచిలుకు. ఆ చక్రవర్తి కాలపు బంగారు నాణేనికి సరిపోతుంది.

ఇప్పుడొక మాట. దివా అంటే పోయి దేవతల్లో కలిసినది అని. ఆమె బతికుండగా కొట్టినది కాదు ఇది. భార్య పోయాక ఆయన ఇంచుమించు ఇరవై ఏళ్లు రాజ్యం చేశాడు. చేసినన్నాళ్లూ ఆమె మొహంతో నాణేలు కొట్టిస్తూనే ఉన్నాడు. గుడి కట్టించాడు. అంటే మీ అవ్వ మెడలో ఉన్నది నిజంగానే ఒక భర్త పోయిన భార్య కోసం కొట్టించిన బిళ్ళే. భర్త వేరు, భార్య వేరు, అంతే.

చెప్పనా వద్దా అని నన్నెందుకు అడుగుతావు? నాణెం మీద ఎవరున్నారో చెప్పడమే మన పని. మెల్లగా చెప్పు, పక్కన కూర్చుని చెప్పు, కానీ చెప్పు. నాణెం నాకు అక్కర్లేదని కూడా చెప్పు, లేకపోతే ఎవరో వచ్చి పట్టుకుపోతారని భయపడతారు.

నాకు అర్థం కానిది ఒకటుంది. పోయినావిడ సొంత చెల్లెలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, మొహం ఎలా ఉండేదని మీరంతా బిళ్ళను అడుగుతారేమిటి?

పెద్దమ్మ


నార్సింగి,
ఆగస్టు 20.

పెద్దమ్మకు,

ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. తాతకు బొమ్మ చేసిచ్చేశాను.

నువ్వు చెప్పినట్టే అవ్వను అడిగాను. "మీ అక్క ఎలా ఉండేది అవ్వా?" అని. పూలమ్మే ఆవిడతో బేరమాడుతున్నదల్లా ఆగింది. "వాడెట్లంటె గట్లనే జెయ్యి బిడ్డా" అని మొహం తిప్పుకుని, మళ్లీ మూర కొలతలో పడిపోయింది. ఇంక ఏం అడగను?

తాతకు చెప్పడానికే కిందికి దిగాను. నిజం. హాల్లో తండ్రి ఫొటో పక్కన గోడ తడిగుడ్డతో తుడిచి, మేకు కొట్టి పెట్టాడు. మేకు కింద నిలబడి, "గింత ఎత్తుల పెడితె మా నాయిన భుజానికి సరిగ్గొస్తది గదా?" అని నన్ను అడిగాడు. రోమ్ అనే మాట నా నాలుక మీద ఉంది. మింగేశాను.

మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం భోజనం మానేసి చేశాను. ఫౌస్టినాకు ఎర్రంచు చీర కట్టాను. ముక్కుపుల్ల పెట్టాను, బొట్టు పెట్టాను. కొప్పు అలాగే ఉంచాను, ముత్యాలు తీసి మల్లెలు పెట్టాను. చాలా అందంగా వచ్చింది, అదే నా బాధ. తాత తెర మీదికి వంగి చూశాడు. "అమ్మా, గిట్లుంటివా" అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, కొత్తగూడలో ఫ్రేములు కట్టేవాడి దగ్గరికి వేణు బండి మీద వెళ్లిపోయాడు.

నువ్వైతే ఏం చేసేదానివి? మ్యూజియంలో నాణెం ఏడవదు కదా పెద్దమ్మా.

రసజ్ఞ


రాజమండ్రి,
ఆగస్టు 27.

రసజ్ఞా,

అసలు నాణెం చేతిలో పెట్టుకుని దొంగ నాణెం కొట్టావు. అది కూడా అందంగా.

నువ్వు ఆయన మీద జాలిపడ్డాననుకుంటున్నావు. ఆయన తల్లి మీద ఎవరు పడతారు? ఆమెకు ఒక మొహం ఉండేది. ఇకమీదట ఆ గోడ మీద అది ఉండదు.

కన్ను నొప్పిగా ఉంది. ఇంతకంటే రాయలేను.

పద్మావతి


నార్సింగి,
సెప్టెంబరు 8.

పెద్దమ్మా,

నువ్వు పెద్దమ్మ అని కాకుండా పేరు పెట్టి సంతకం చేసిన ఉత్తరం నా జీవితంలో ఇదే మొదటిది. దాన్ని దిండు కింద పెట్టుకుని తిరిగాను, అంటే, మనసులో. సరే, విను. నిన్న ఫ్రేము వచ్చింది.

తలుపంత ఉంది. వేణు, అతని భార్య ప్రియదర్శిని చెరో పక్క పట్టుకుని ఎత్తారు. తాత బంతిపూల దండ తెచ్చాడు. కొత్త లుంగీ కట్టుకున్నాడు. అవ్వను చెయ్యి పట్టుకుని గేటు దగ్గర్నుంచి తనే నడిపించుకొచ్చాడు. నన్ను కూడా పిలిచాడు, బొమ్మ చేసింది నేనే కదా. వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను.

అవ్వ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. ఇంకా దగ్గరికి వెళ్లి చూసింది.

"గీమె ఎవలు?"

"ఎవలేంది చిన్నమ్మా, అమ్మ."

"ఎవలమ్మ?"

"మా అమ్మ. అంజమ్మ."

అవ్వ మూతి బిగబట్టింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు. ఆపుకుందామని కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. గోడ పట్టుకుని, కుర్చీ కోసం తడుముకుంటూ నవ్వింది.

"అయ్యో, మా అక్క గిది జూస్తె నవ్వి నవ్వి సచ్చుండె! గా కొప్పేందిరా? తల్లి పోసినంక ఆమెకు సగం జుట్టే లేకపాయె. గీ ముక్కేంది? మా ఇంట్ల ఎవలికుందిరా గసొంటి ముక్కు?"

"నాయినమ్మా, జర ఊకో" అంది ప్రియదర్శిని మెల్లగా.

ఊరుకోలేదు. ఇన్నేళ్లు మూసిపెట్టిన మూత ఒకసారి లేస్తే ఏం ఆగుతుంది?

తాత మొహం చూడలేకపోయాను. "మరి బిళ్ళ మీద?" అన్నాడు.

"బిళ్ళ మీద మా అక్క ఏడికెల్లొస్తదిరా? మీ నాయిన బాయి తవ్వుతుంటె మట్టిల దొరికింది గది. పెండ్లి దగ్గరకొచ్చె. సవితి బిళ్ళ చేపియ్యనీకె ఇంట్ల బంగారమేడిది? ఆడిమనిషి బొమ్మ ఉన్నది, అంజమ్మనే పంపిచ్చింది అని కొక్కెం పెట్టిచ్చి నా మెడల కట్టిండు."

"నాకెందుకు జెప్పలే?"

అప్పుడు ఆగింది నవ్వు.

"ఎట్ల జెప్పాలె అయిలూ? సంటిపోరనివి. పాలకు ఏడ్సి ఏడ్సి నీలబడుతుంటివి. గా బిళ్ళ చేతికిస్తె వట్టుకుని ఊకుంటుంటివి. అమ్మరా, అమ్మ గిదే అని నేనే జెప్పిన. నేను గూడ పోరినే, పదిహేనేండ్లు లెవ్వు, ఇంకేం జెప్పొస్తది నాకు? పెద్దగైనంక నీ చేతులకెల్లి గుంజుకోవాల్నా?"

పెద్దమ్మా, అక్కడ నేను నోరు మూసుకుని ఉండిపోవచ్చు. ఎవరూ నా వైపు చూడ్డం లేదు. కానీ నీ సంతకం గుర్తొచ్చింది.

"తాతా, ఆమె రోమ్ దేశపు రాణి. బిళ్ళ ఆమె నాణెం. నాకు ముందే తెలుసు."

"ఎప్పటికెల్లి ఎరుక?"

"బోనాలప్పటి నుంచి."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మంచిగ జేసినవ్ బిడ్డా, నున్నగ" అన్నాడు. అంతే. దండ తీసి మేకల ముందు వేశాడు. ఫ్రేము దింపి, మొహం గోడ వైపు తిప్పి పెట్టి, మేకలు తోలుకుని రింగురోడ్డు వైపు వెళ్లిపోయాడు.

చోటు అడిగావు కదా. బావి తవ్విన చోట ఇప్పుడు ఎడమ పక్క టవరు ఉంది. అవ్వ లెక్క ప్రకారం సరిగ్గా కింది సెల్లార్లో కార్లు కడిగే దగ్గర.

ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. గది ఖాళీ చేసేద్దామా అని కూడా అనిపించింది. ఏం చెయ్యను?

రసజ్ఞ


రాజమండ్రి,
సెప్టెంబరు 13.

చిట్టితల్లీ,

చెప్పావు. నా కోపం పోయింది. గది ఖాళీ చెయ్యడం ఏమిటి, బుద్ధిలేదూ! ఇప్పుడే అసలు పని మొదలైంది.

నాణేలు అచ్చుతో కొడతారు. అచ్చు ఇనుముదీ కావచ్చు, కంచుదీ కావచ్చు, ఎప్పటికైనా అరిగిపోతుంది, పగిలిపోతుంది. ఆ తర్వాత ఎంత బంగారం తెచ్చినా ఆ మొహం మళ్లీ రాదు. అంజమ్మగారి మొహానికి ఈ భూమ్మీద ఒకే ఒక్క అచ్చు మిగిలింది. ఎనభై దాటిన భాగ్యమ్మగారి కళ్ల వెనక ఉంది. కంప్యూటర్ పక్కన పడెయ్యి. పెన్సిలు, రబ్బరు తీసుకుని వెళ్లి ఆవిడ ముందు కూర్చో. చిన్నప్పుడు నా మ్యూజియం కార్డుల వెనక బొమ్మలు వేసి పాడుచేసేదానివి, ఆ చెయ్యి ఎక్కడికీ పోదు.

ఆయన చూడనంటే? చూడకపోనీ. నువ్వు వేసి పెట్టు.

నాణెం గురించిన నోటు నువ్వే రాయి, నేను దిద్దుతాను. ఇలాంటి వాటికి కార్డు మీద "కొక్కెం అతికించబడినది, దెబ్బతిన్నది" అని రాస్తాం. నువ్వు అలా రాయకు. ఎవరు కట్టించారో, ఎవరు ధరించారో, ఎందుకో రాయి. దొరికిన చోటు కార్లు కడిగే సెల్లారు అని కూడా రాయి, సిగ్గుపడకు. రోమ్ నుంచి సముద్రం దాటి, రేవు నుంచి ఇంత లోపలికి, మూసీ దగ్గరిదాకా ఒక బంగారు కాసు నడిచొచ్చిందంటే నీకు ఆశ్చర్యం లేదా? నాకు పొద్దుటి నుంచీ కాఫీ కూడా గుర్తురాలేదు.

వచ్చే నెల నుంచి ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరు అన్నాడు. ఆ ముసలావిడ మోకాళ్ల దగ్గర నాకూ కాస్త చోటు ఉంచు.

నీ పెద్దమ్మ


నార్సింగి,
సెప్టెంబరు 22.

పెద్దమ్మా,

నిన్న పెత్రమాస అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కనిపించని చోట చుక్కలు పెడతాను.

నీ ఉత్తరం అందిన రోజే ఆఫీసుకు సెలవు పెట్టి, డ్రాయింగు పుస్తకం కొనుక్కుని, గేటు దగ్గర అవ్వ కుర్చీ ముందు కూర్చున్నాను. "మీ అక్క మొహం చెప్పవా అవ్వా" అన్నాను. ఈసారి పూలావిడ వైపు తిరగలేదు.

మొదట గుండ్రంగా వేశాను. "గంత గుండ్రం కాదు, దవడలు జర ఎడల్పు." ముక్కు వేశాను. "సప్పిడి జెయ్యి. ఇంక." కళ్లు తొందరగానే కుదిరాయి, కనుబొమలు కలిసుండేవట. తర్వాత మశూచి మచ్చలు, తల్లి పోసిందంటే అదేనట. నాలుగైదు చుక్కలు పెట్టి ఆపాను. "ఏంది, పైసలిచ్చి కొంటున్నవా? వెట్టు" అంది. పెట్టాను. "ఇంక వెట్టు." చెంపలు, నుదురు, గడ్డం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను చెరిపిన మచ్చలన్నీ తిరిగి కాగితం మీదికి వస్తున్నట్టే ఉంది, చెయ్యి తేలికగా ఆడింది.

వెనక ఎవరో నిలబడ్డారని మేకలు అరిస్తే తెలిసింది. తాత. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. బొమ్మ వైపు చూడ్డం లేదు, అవ్వ వైపు చూస్తున్నాడు.

"నవ్వేదా?" అన్నాడు.

"నవ్వేదా అంటవేందిరా? నవ్వితె ఆగకపోతుండె. ఎత్తుపండ్లు. గందుకే నోటికి కొంగు అడ్డం వెట్టుకుంటుండె."

నేను కొంగు గీయబోయాను.

"కొంగు వద్దు బిడ్డా" అన్నాడు తాత. "నవ్వనీ."

పళ్లతోటే వేశాను. అవ్వ పుస్తకం లాక్కుని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కాగితం మీద అరచెయ్యి ఆనించింది. తాత కింద నేల మీద కూర్చున్నాడు. "నా లెక్కనే ఉన్నది గద చిన్నమ్మా" అన్నాడు. "నువ్వే ఆమె లెక్క ఉన్నవ్. ఆమె ముందు" అంది అవ్వ.

ఆ తర్వాత తాత నాతో మళ్లీ మాట్లాడ్డం మొదలుపెట్టాడు. గోడ వైపు తిప్పిన ఫ్రేము చూపించి, "గా రాణి సంగతేంది?" అన్నాడు. నువ్వు రాసిందంతా చెప్పాను. భర్త, గుడి, పోయాక కొట్టించిన నాణేలు.

"మల్ల పెండ్లి జేసుకున్నడా గా రాజు?"

"లేదు తాతా."

"మరి ఆమె బిళ్ళ ఎవలు ఏసుకున్నరు?"

దీనికి జవాబు నీ దగ్గర ఉందా? మెడలో వేసుకునే మనిషి లేక దేశమంతా చేతులు మారుతూ తిరిగిందేమో. అదే చెప్పాను. అవ్వ నల్లపూసలు పట్టుకుని నవ్వింది. "ఆఖరుకు నేను ఏసుకున్న గదనే" అంది.

నిన్న పొద్దున్నే హాలు కడిగారు. తండ్రి ఫొటో పక్కన, అదే మేకుకు, మామూలు చిన్న ఫ్రేములో పెన్సిలు బొమ్మ. వేణు కూతురు బతుకమ్మకని తెచ్చిన తంగేడు పూలు కాసిని దానికీ పెట్టింది. అయ్యగారు స్కూటరు మీద వచ్చారు. ఆ రోజు ఆయనకు ఊపిరాడదు, ఊరంతా తిరగాలి. పీట మీద కూర్చుంటూనే పేర్లు చెప్పమన్నారు. తాత తండ్రి పేరు చెప్పాడు, ఒక చేటలో బియ్యం, కూరగాయలు జరిపాడు. అంజమ్మ పేరు చెప్పాడు, రెండో చేట. ఆ పేరు చెబుతూ ఒకసారి గోడ వైపు చూశాడు.

అయ్యగారు లేవబోయారు. తాత లోపలికెళ్లి ఇంకో చేట తెచ్చాడు. బియ్యం, సొరకాయ, చింతపండు, అన్నీ ఉన్నాయి. ప్రియదర్శినికి కూడా తెలియదట, ఎప్పుడు సర్దుకున్నాడో.

"ఇదెవరి పేరు మీద?"

"ఫౌస్తినమ్మ."

"ఎవరు?"

"ఫౌస్తినమ్మ అయ్యగారు. దూరపామె. పోయి శానేండ్లాయె. ఆమెకు గీ దిక్కు బియ్యమిచ్చెటోళ్లు ఎవలు లేరు."

అయ్యగారు నా వైపు చూశారు, నేను సొరకాయ వైపు చూశాను. ఎడమ టవరు మీంచి అప్పుడే ఎండ దిగి గుమ్మంలో పడుతోంది.

"సరే, వరుస చెప్పు. ఏమవుతుంది నీకు?"

తాత నోరు తెరిచాడు. అంత పెద్ద గొంతున్న మనిషి చేట అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

గేటు దగ్గర కుర్చీలోంచి అవ్వ కేక వేసింది.

"నాకు సవితి! వానికి తల్లే! సదువు అయ్యగారు, బియ్యం ఎండుతున్నయి!"

అయ్యగారు చెంబులోంచి ఉద్ధరిణెడు నీళ్లు తీసుకుని ఆ పేరు పలికారు. తాత రెండు చేతులతో చేట ముందుకు జరిపాడు.

రసజ్ఞ